లైసెన్సు అడగని గొంతు

2004 సెప్టెంబరు 28న అమెరికన్ పాత్రికేయుడు డాక్ సెర్ల్స్ గూగుల్‌లో ‘పాడ్‌కాస్ట్స్’ అనే మాటను వెతికితే వచ్చిన ఫలితాలు 24. ఏడాది తిరిగేసరికి ఈ సంఖ్య లక్షల్లోకి చేరుతుందని ఆయన ఆనాడే రాసిపెట్టారు. ఆ అంచనా తప్పలేదు. 2005 ముగిసేనాటికి న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ‘పాడ్‌కాస్ట్’ను ఆ ఏటి పదంగా ప్రకటించింది. ఇంత వేగంగా నిఘంటువుకెక్కిన ఈ మాట వెనుక పెద్ద కంపెనీ ఏదీ లేదు, ప్రభుత్వమూ లేదు. కొద్దిమంది సాంకేతిక ఉత్సాహవంతులు, ఉద్యోగం పోయిన ఒక రేడియో విలేకరి, ఒకప్పటి టెలివిజన్ వ్యాఖ్యాత కలిసి నడిపిన కథ ఇది. రేడియోలో వార్త చెప్పే స్వేచ్ఛ నేటికీ ప్రైవేటు గొంతుకు లేని దేశంలో ఉన్న మనకు ఈ కథ పరాయిది కాదు.

ఇంటర్నెట్ ద్వారా గొంతును పంపడం అప్పటికే పాతబడిన ఆలోచన. 1993లోనే కార్ల్ మాలమూద్ ‘ఇంటర్నెట్ టాక్ రేడియో’ పేరుతో కంప్యూటర్ నిపుణుల ఇంటర్వ్యూలను ఫైళ్లుగా పంచిపెట్టారు. అయితే ఆనాటి టెలిఫోన్ మోడెమ్‌లతో అరగంట సంభాషణను దించుకోవడానికి గంటల తరబడి కాచుకోవాలి. పైగా కొత్త కార్యక్రమం వచ్చిందో లేదో శ్రోతే వెళ్లి చూసుకోవాలి. దినపత్రిక మాదిరిగా అది తనంతట తాను గుమ్మం ముందు వచ్చి పడదు.

ఈ లోటును పూడ్చే ఆలోచన 2000లో ఆడమ్ కర్రీకి వచ్చింది. ఎంటీవీలో పాటలు పరిచయం చేసి పేరు తెచ్చుకున్న వ్యక్తి ఆయన. కంప్యూటర్ ఖాళీగా ఉన్న వేళ ఫైలు దానంతట అదే దిగిపోతే, శ్రోత కూర్చునే సమయానికి అంతా సిద్ధంగా ఉంటుంది కదా అన్నది ఆయన వాదన. దానిని ఆయన డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ ముందుంచారు. వైనర్ అప్పటికే ఆర్ఎస్ఎస్ అనే పద్ధతిని తీర్చిదిద్దుతున్నారు. ఈ మూడక్షరాలు వినగానే మన దేశంలో తలపుకొచ్చేది నాగపూర్ కాబట్టి ఒక వివరణ అవసరం: ఇది ‘రియల్లీ సింపుల్ సిండికేషన్’. ఒక సైట్‌లో కొత్తగా ఏం వచ్చిందో చందాదారు కంప్యూటర్‌కు తెలియజేసే చిన్న జాబితా. 2000 డిసెంబరులో వచ్చిన దాని కొత్త రూపంలో, ఆ జాబితాకు ఆడియో ఫైలును జోడించే వీలును వైనర్ కల్పించారు. సాంకేతికంగా పాడ్‌కాస్ట్ పుట్టుక అదే. అయినా రెండేళ్లకు పైగా దానిని వాడినవారు అరుదు. దారి పడింది కానీ దాని మీద నడిచే బండి లేదు.

ఆ బండిని తెచ్చినవాడు పాత్రికేయుడు. క్రిస్టఫర్ లైడన్ ఒకప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో జాతీయ రాజకీయాలు రాసినవారు. తర్వాత బోస్టన్ ప్రజా రేడియోలో పేరున్న చర్చా కార్యక్రమం నడిపారు. ఆ కార్యక్రమం యాజమాన్య హక్కుల మీద రేగిన వివాదంలో 2001లో ఆయన స్టేషన్ వీడవలసి వచ్చింది. గొంతు ఆయనదే, శ్రోతలు ఆయనవారే, ట్రాన్స్‌మిటర్ మాత్రం ఇంకొకరిది. 2003 జులైలో హార్వర్డ్‌లోని బెర్క్‌మన్ కేంద్రంలో ఉంటూ ఆయన ఇంటర్వ్యూలు రికార్డు చేసి నెట్‌లో ఉంచడం మొదలుపెట్టారు. మొదటి అతిథి డేవ్ వైనరే. విశేషమేమిటంటే, ఆర్ఎస్ఎస్ నిర్దేశ పత్రాన్ని వైనర్ హార్వర్డ్‌కు అప్పగించి, ఎవరైనా వాడుకునేలా విడుదల చేసిందీ అదే నెలలో. ఆ పద్ధతి ఎవరి సొత్తూ కాకుండా పోయింది. తర్వాత జరిగినదంతా ఈ నిర్ణయం మీదే నిలిచింది.

2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ ఈ కొత్త పోకడ గురించి రాస్తూ, దీనిని ఏమని పిలవాలని ప్రశ్నించి మూడు పేర్లు సూచించారు. వాటిలో ఒకటి పాడ్‌కాస్టింగ్. ఆ ఆగస్టులో కర్రీ తన రోజువారీ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఫైళ్లను ఐపాడ్‌లోకి తనంతట తాను చేర్చే ‘ఐపాడర్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా రాశారు. తన కోడ్ నాసిగా ఉందని ఆయనకు తెలుసు. అందుకే దానిని బహిరంగంగా ఉంచారు, తెలిసినవారు బాగుచేశారు. ఆ రోజుల్లో చాలా కార్యక్రమాలు పాడ్‌కాస్టింగ్ గురించే మాట్లాడేవి. అది లోపమే. విడుదలైనప్పుడు 399 డాలర్ల ధర పలికిన ఐపాడ్ ఉన్నవారి ముచ్చట అది. కానీ ఆ ముచ్చట్లలోనే వారు ఒక సంగతి రుజువు చేశారు: ప్రసారానికి స్టేషన్ అక్కరలేదు, అనుమతి అక్కరలేదు.

2005 జూన్ 28న యాపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. రెండు రోజుల్లో 10 లక్షల చందాలు నమోదయ్యాయి. అదే రంగాన్ని నమ్ముకుని మొదలైన ఓడియో అనే చిన్న సంస్థ ఈ దెబ్బకు దిక్కుతోచక వేరే దారి వెతుక్కుంది. ఆ వెతుకులాటలో 2006లో పుట్టినదే ట్విటర్. తరువాతి కాలంలో మన ఎన్నికల ప్రచారాల రూపురేఖలు మార్చిన వేదికకు మూలం ఒక పాడ్‌కాస్ట్ కంపెనీ వైఫల్యం.

అదే 2004 శరదృతువులో మన పరిస్థితి ఏమిటి? ఆ అక్టోబరులో వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లనే బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. రేడియో విషయంలో అడ్డంకి వేగం కాదు, చట్టం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆ తర్వాత ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాయి, పాటలు వచ్చాయి, వార్తలు మాత్రం రాలేదు. సొంత వార్తలు చెప్పే హక్కు ఆకాశవాణికే మిగిలింది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు 2008లో ప్రారంభించిన సంఘం రేడియో విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి మాట్లాడగలదు. సొంతంగా వార్తా బులెటిన్ చదవలేదు. 2014 అక్టోబరు నుంచి ప్రధాని ఆకాశవాణిలో ‘మన్ కీ బాత్’ వినిపిస్తున్నారు. దానికి బదులుగా ప్రశ్న వేయదలచిన విలేకరికి ఏ ప్రైవేటు ఎఫ్ఎంలోనూ చోటు లేదు.

పాడ్‌కాస్ట్ ఈ గోడను కూల్చలేదు, దాని పక్కనుంచి నడిచిపోయింది. తరంగాలు వాడదు కనుక తరంగాల లైసెన్సు దానికి వర్తించదు. 2016 తర్వాత డేటా చవకయ్యాక తెలుగుతో సహా మన భాషల్లో రాజకీయ సంభాషణలు చెవికి చేరడానికి కారణం ఇదే.

అయితే ఆ తొలి ఉత్సాహవంతులు కట్టినదానిని మనం సగమే తీసుకున్నాం. గొంతును తీసుకున్నాం, ఫీడ్‌ను వదిలేశాం. మన సంభాషణల్లో అధికభాగం ఇప్పుడు ఒకటి రెండు విదేశీ కంపెనీల వేదికల మీదే ఉంటోంది. అక్కడ చందాదారుల జాబితా కంపెనీది, ఎవరికి ఏది వినిపించాలన్న నిర్ణయమూ కంపెనీదే. 2003లో లైడన్‌కు ట్రాన్స్‌మిటర్ లేకపోవడం ఎలాంటిదో, నేడు తెలుగు వ్యాఖ్యాతకు సొంత ఫీడ్ లేకపోవడం అలాంటిది. ఇక ప్రభుత్వం 2021 ఐటీ నిబంధనలతో డిజిటల్ వార్తలను తన పరిధిలోకి తెచ్చింది. 2023 నాటి ప్రసార సేవల ముసాయిదా బిల్లు ఆన్‌లైన్ వ్యాఖ్యాతల వైపు చేయి చాచింది. వేదిక ఒక్కటే అయినప్పుడు గొంతు ఆపడానికి ఒక్క ఉత్తరం చాలు. వేల ఫీడ్‌లు వేల చోట్ల ఉన్నప్పుడు ఆ పని అంత సులువు కాదు.

వైనర్ తన పద్ధతిని ఎవరి సొత్తూ కాకుండా విడిచిపెట్టినప్పుడు దేశ రాజకీయాలేవీ ఆయన లెక్కలో ఉండి ఉండకపోవచ్చు. కానీ ఆ పద్ధతి నేటికీ పనిచేస్తోంది, ఉచితంగానే అందుబాటులో ఉంది. రాజకీయాలు మాట్లాడే ప్రతి తెలుగు గొంతూ తన ఇంటి చిరునామాలో ఒక ఫీడ్ ఉంచుకోవడం నేడు సాంకేతిక ముచ్చట కాదు, ముందుజాగ్రత్త.