ఒకటి తెరచిన నొకటి మూయు తూములు

ఇన్వర్టరనగానే, కరెంటు పోయినప్పుడు మన యిండ్లలో దీపములను నిలుపు పెట్టె స్ఫురించుట సహజము. నేను చెప్పదలచినది దాని చరిత్ర కాదు. సిలికాన్ పలకపై రెండే ట్రాన్సిస్టర్లతో నిర్మితమై, ఒకటికి సున్నను, సున్నకు ఒకటిని బదులిచ్చు, ఇన్వర్టరనియే పేరుగల సీమాస్ (CMOS) వలయపు చరిత్ర.

1963 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో జరిగిన సదస్సున దీనిని ప్రకటించినవారు కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థకు చెందిన ఫ్రాంక్ వాన్లాస్, చీ టాంగ్ సాలు. అంతకుముందటి వలయములందు ట్రాన్సిస్టరునకు జతగా నొక నిరోధకముండుటచే, అది తెరచియున్నంతసేపు, చేయవలసిన గణనమేమియు లేకున్నను, విద్యుత్తు నిరంతరముగా పారి ఉష్ణరూపమున వ్యర్థమగుచుండెను. వాన్లాస్ ఆ నిరోధకమునకు మారుగా, మొదటిదానికి విరుద్ధ స్వభావముగల రెండవ ట్రాన్సిస్టరును నిలిపెను.

చెరువునుండి పొలమునకును, పొలమునుండి వాగునకును గల రెండు తూములుగా వీనిని భావింపవచ్చును. ఎగువది పి రకము, దిగువది ఎన్ రకము. ఒకే సంకేతము రెండింటిని శాసించును. సంకేతపు వోల్టేజి తగ్గినచో ఎగువది తెరచుకొని, దిగువది మూసుకొని, ఫలితము సరఫరా వోల్టేజికి చేరి ఒకటియగును. హెచ్చినచో ఎగువది మూసుకొనగా, నిలువయున్న ఆవేశము దిగువదారిని జారిపోయి సున్న మిగులును. ఏ స్థితియందును చెరువునుండి వాగువరకు ఎడతెగని దారి లేదు. స్థితి మారు క్షణమందే వ్యయము. తక్కిన కాలమంతయు విశ్రాంతి. ఎంత సుందరమైన యేర్పాటు!

కాని ఆక్సైడు పొరలో చిక్కుకొన్న ధనావేశమువలన, సహజముగా మూసుకొనియుండు ఎన్ రకపు ట్రాన్సిస్టరును చేయుట ఆనాడు దుర్ఘటముగా నుండెను. వాన్లాస్ ఆధారఫలకమునకు వ్యతిరేక వోల్టేజి నొసగి దానిని మూయించెను. కొలిచిచూడగా విశ్రాంతివ్యయము నానోవాట్లలో, అనగా వాటులో వందకోట్లవ వంతుల లెక్కలో, నుండెను.

అట్టిది వెంటనే వ్యాపింపకపోవుటకు ముఖ్యకారణము వేగము. పి రకమున విద్యుత్తును మోయు రంధ్రములు, అనగా ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు, ఎలక్ట్రాన్లంత చురుకుగా నడువజాలవు. కంప్యూటర్లను నిర్మించువారు వేగమునే కోరిరి. 1968లో ఆర్‌సీఏ సంస్థ ఈ వలయములను విక్రయింపసాగినను, వీనిని ముందుగా నాదరించినవి చేతిగడియారములవంటి బ్యాటరీ పరికరములు. 1978లో హిటాచీకి చెందిన తోషియాకి మసుహారా బృందము, ఇంటెల్ వారి 2147 మెమరీ చిప్పునకు దీటైన వేగము గలదానిని, 110 మిల్లీ ఆంపియర్లకు మారుగా 15తోనే నడిపించి, మందగతియను నపవాదును తుడిచివేసెను.

వాన్లాస్ పేటెంటు 1967 డిసెంబరులో మంజూరైనది. పదునేడేండ్ల గడువు 1984తో తీరినది. మరుసటి యేట ఇంటెల్ తన 386 ప్రాసెసరును సీమాస్ పద్ధతిలో వెలువరించెను.