హైదరాబాద్ సంస్థానం: 13 నెలల స్వతంత్ర ప్రతిపత్తి

బ్రిటిష్ పాలన ముగిసిన 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో గాని, పాకిస్తాన్‌లో గాని చేరలేదు. స్వతంత్రంగా కొనసాగాలన్న నిర్ణయాన్ని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ ఏడాది జూన్‌లోనే ఫర్మానా ద్వారా ప్రకటించారు. ఈ ప్రతిపత్తి 13 నెలలు మాత్రమే నిలిచింది.

సంస్థాన విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్లు. 1941 లెక్కల ప్రకారం జనాభా సుమారు 1.63 కోట్లు. సొంత నాణేలు, తపాలా, రైల్వే ఉన్నప్పటికీ సముద్ర తీరం లేదు. నలువైపులా భారత భూభాగమే ఉండటంతో సరుకుల రాకపోకలన్నీ దాని మీదుగానే సాగవలసి ఉండేది.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. ఒడంబడికను ఉల్లంఘించారని ఇరుపక్షాలూ పరస్పరం ఆరోపించుకున్నాయి. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. 1948 ఆగస్టులో హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిని ఆశ్రయించింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించగా, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. అనంతరం మండలిలోని ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు.

నెల్లూరు తీరంతో అనుబంధం

నిజాం పాలనపై 1946లోనే ఆరంభమైన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన వారిలో పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. ఆయన స్వగ్రామం నెల్లూరు జిల్లాలోని అలగానిపాడు. సైనిక చర్య అనంతరం కూడా కొనసాగిన పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. అందులో సుమారు 4 వేల మంది ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయినట్లు 1972లో వెలువడిన తమ గ్రంథంలో సుందరయ్య పేర్కొన్నారు. సైనిక చర్య సమయంలోనూ, తరువాతా జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు.

గమనించవలసిన తేదీలు

1948 సెప్టెంబరు 17తో స్వతంత్ర ప్రతిపత్తి ముగిసినా, రాజ్యాంగపరమైన విలీనం దశలవారీగా జరిగింది. తొలుత మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి మిలిటరీ గవర్నరుగా పాలించారు. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం 1949 నవంబరు 23న ఫర్మానా జారీ చేశారు. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖ్ అయ్యారు. 1952 ఎన్నికల అనంతరం బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రజా ప్రభుత్వం ఏర్పడింది. 1956 నవంబరు 1న రాష్ట్రం భాషా ప్రాతిపదికపై విభజితమై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి.

సెప్టెంబరు 17ను 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం ‘హైదరాబాద్ విమోచన దినోత్సవం’గా నిర్వహిస్తున్నది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ‘జాతీయ సమైక్యతా దినం’గా, 2024లో ‘ప్రజా పాలన దినోత్సవం’గా జరిపింది. ‘విమోచన’, ‘విలీనం’, ‘పోలీసు చర్య’ అనే పదాలు ఒక్కొక్కటి ఒక్కొక్క దృక్పథాన్ని సూచిస్తాయి గనుక వాటిని పర్యాయపదాలుగా వాడరాదు.