పల్నాటి సున్నము – ఇండ్ల మన్నిక

పిడుగురాళ్ల పేరు చెప్పగానే పల్నాటివారికి సున్నపు బట్టీలు జ్ఞప్తికి వస్తాయి. ఆ పరిసరాలలో సున్నపురాయి పొరలు పొరలుగా విస్తరించి ఉన్నది. కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రగర్భంలో పేరుకొన్న మడ్డియే ఈ రాయి. కొన్ని చోట్ల ఇది పలకలుగా విడివడుతుంది. దానినే నాపరాయి అంటారు. ఒకే జాతి రాయి ఇంటికి నేలగాను, కప్పుగాను, గోడకు పూతగాను ఉపయోగపడినది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల రాయిని 'పల్నాటి పాలరాయి' అని పిలిచినా, అది నిజానికి పాలరాయి కాదు, మేలైన సున్నపురాయియే.

నాగార్జునకొండలో లాంగ్‌హర్‌స్ట్ 1927–31 మధ్య త్రవ్వకాలు జరిపించినాడు. 1954–60 మధ్య మరల విస్తృతంగా త్రవ్వకాలు జరిగినవి. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల కాలంనాటి కట్టడాలు వెలుగులోకి వచ్చినవి. మహాచైత్యపు ఇటుకలు సుమారు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం గలవి. వాటిని కూర్చినది బురదతో. పైన పూసినది సున్నం. గోడకు బలమిచ్చేది ఇటుక, దానిని వాన నుండి కాపాడేది పూత అన్న సూత్రం ఇందులో ఉన్నది. పూత రాలితే లోపలి బురద కరుగుతుంది. కావున ఇంటి మన్నిక అనేది కట్టిన నాటితో తీరేది కాదు.

రాయి మరల రాయి అగుట

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోతుంది. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలితే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు వాయువే. రాయిలో ఈ వాయువు బంధింపబడి ఉన్నదని జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1756లో ప్రకటించిన ప్రయోగాలలో నిరూపించినాడు.

పొడిసున్నంపై నీరు పోయగా అది కుతకుత ఉడికి, తడిసున్నం అవుతుంది. ఇసుకతో కలిపి గోడకు వాడిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారుతుంది. సున్నపు తేటలోనికి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడడం విద్యార్థులు చూచినదే. గోడలో జరిగేదీ ఆ చర్యయే. కాని గోడ లోపలికి గాలి సులభంగా చేరదు. అందువల్ల పూర్తిగా గట్టిపడడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

ఈ లోపాన్ని పూర్వపు మేస్త్రీలు ఇటుక పొడితో సరిదిద్దినారు. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి తడిలో కూడ గట్టిపడుతుంది. ఈ మిశ్రమాన్ని ఎడ్లు త్రిప్పే గానుగలో మెత్తగా నూరేవారు. కొన్ని చోట్ల కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చేవారు.

సిమెంటు రాక

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందినాడు. సున్నపురాయిని మట్టితో కలిపి మరింత తీవ్రమైన వేడిలో కాల్చి సిమెంటును తయారు చేస్తారు. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరిచ్చిన నాగార్జునసాగర్ నిర్మాణకాలంలోనే, 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారం వెలసినది. పల్నాటి రాయి అంతవరకు సున్నమైనది. ఇక సిమెంటు కూడ అయినది.

సిమెంటు గాలితో కాక నీటితో గట్టిపడుతుంది. కనుక కట్టిన గోడను కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఎండల్లో ఆ పని మానినచో నీరు ఆవిరై, చర్య మధ్యలో ఆగి, గోడ బలహీనమవుతుంది. సిమెంటు మంచిదైనా పని చెడుతుంది.

ఏది మేలు?

పాత ఇండ్లు నిలిచినవి గనుక పాత పద్ధతులన్నీ మేలని తలచడం పొరపాటు. కూలినవి మనకు కనబడవు గదా! అంతస్తులు లేపడానికి, భూకంపాలను తట్టుకొనడానికి ఇనుము కూర్చిన కాంక్రీటుకు సాటి లేదు. కాని రెంటచింతల వంటి చోట్ల ఎండ ఎంతటిదో పల్నాటివారికి తెలుసు. మందమైన రాతిగోడ పగటి వేడిని నెమ్మదిగా లోనికి పంపుతుంది. పలుచని కాంక్రీటు కప్పు సాయంకాలానికే వేడెక్కి, రాత్రి దాకా ఆ వేడిని గదిలోనికి విడుస్తుంది. కప్పుపై తెల్లసున్నం పూసినచో ఎండలో అధికభాగం తిరిగి పోతుంది. ఖర్చు స్వల్పం, ఫలితం గొప్పది.

మరొక జాగ్రత్త ఉన్నది. సున్నపు గోడకు సన్నని రంధ్రాలు ఉంటాయి. లోపలి తేమ వాటి గుండా ఆరిపోతుంది. అట్టి గోడపై గట్టి సిమెంటు పూసినప్పుడు తేమ బయటకు రాలేక లోపలి సున్నాన్ని చెరుస్తుంది. పాత ఇంటిని బాగుచేయబోయి పాడుచేసుకొనడం ఇలాగే జరుగుతుంది. పాత గోడకు సున్నమే తగినది. క్రొత్త ఇంటికైతే పునాదిపై తేమను ఆపే పొర, గోడలను వాన నుండి కాపాడే చూరు, ఎండ నుండి కాపాడే నీడ, ఏటేటా మరమ్మతు – ఇవి ఉన్నప్పుడే సిమెంటైనా, సున్నమైనా తరతరాలు నిలుస్తుంది.