ఎక్స్ కిరణములు బయటపెట్టిన నీటి దోషము

కల్వకుర్తి నుండి తూర్పుగా దేవరకొండ, మునుగోడు వైపు సాగిపోవు మెట్ట భూముల క్రింద ప్రాచీనమైన గ్రానైటు శిలలు కలవు. ఈ శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజములు ఉన్నవి. వాననీరు రాతి పగుళ్లలో దిగి దీర్ఘకాలము నిలిచినపుడు ఈ ఖనిజములు కొద్దికొద్దిగా కరగి ఫ్లోరైడు రూపమున నీటిలో చేరును. అట్టి నీటిని కంటితో చూచిగాని, వాసన చూచిగాని గుర్తింపజాలము.

ఫ్లోరైడు అధికముగా గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి నడుము పట్టివేయును, మెడ తిరుగదు, కీళ్లు నొప్పిపెట్టును. కొందరికి కీళ్ల సమీపమున చేతికి తగులునట్టి గట్టి బుడిపెలు ఏర్పడును. ఇది వాతమనియో, ముదిమి వలన వచ్చినదనియో జనులు భావించుట సహజము. నొప్పిని మాత్రమే బట్టి వ్యాధిని నిర్ణయించుట వైద్యునకును సులభము కాదు. ఆ చిక్కును విప్పినవి ఎక్స్ కిరణములు.

ఈ కిరణములను 1895లో జర్మనీ దేశమున రాంట్‌జన్ కనుగొనెను. ఎముకలోని కాల్షియము వీనిని అధికముగా అడ్డగించును. కనుక ఫిల్ముపై ఎముక తెల్లగా కనిపించును. ఎముక చిక్కబడిన కొలది ఆ తెలుపు హెచ్చును. 1932లో మోల్లర్, గుడ్యోన్సన్ అను వైద్యులు కోపెన్‌హేగన్ నగరమున క్రయోలైటు కర్మాగారములో పనిచేయువారికి ఎక్స్‌రే తీసిరి. క్రయోలైటు ఫ్లోరిన్ గల ఖనిజము. దాని ధూళి పీల్చిన కార్మికుల ఎముకలు అసాధారణమైన తెలుపుతో కనబడెను.

ఐదేండ్ల తరువాత, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు ఇట్టి వ్యాధినే నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి ప్రకటించిరి. అచ్చట కర్మాగారము లేదు, ఖనిజపు ధూళి లేదు. దోషమంతయు త్రాగునీటిలోనే ఉన్నది. 1955లో ఎ. హెచ్. సిద్దికీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను.

ఫిల్ములో వైద్యుడు ఏమి చూచును? వెన్నుపూసలు మిక్కిలి తెల్లగా ఉండును. వానిని కలుపు స్నాయువులు కూడ ఎముకగా మారి, వెన్ను ఒకే కడ్డీవలె బిగుసుకొనును. వెన్ను బిగుసుకొను వ్యాధులు వేరే కూడ కలవు. కొన్ని కాన్సరులు వ్యాపించినపుడును ఎముక తెల్లబడును. కావున వైద్యుడు ముంజేతికి కూడ ఎక్స్‌రే తీయించును. రత్ని, అరత్ని అను రెండు ఎముకల నడుమ ఒక పలుచని పొర కలదు. ఆ పొర ఎముకగా మారుట ఫ్లోరోసిస్‌కు ముఖ్యమైన గుర్తు. చేతికి తగిలిన బుడిపె కొత్త గడ్డయా, లేక స్నాయువు అతుకుకొను చోట ఎముకయే పెరిగినదా అను సంగతియు ఫిల్ము తెలుపును.

తెల్లని ఎముక బలమైన ఎముక అనుకొనుట పొరపాటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో ఈ ప్రాంతమున మోకాళ్లు లోనికి వంగు వ్యాధిని వర్ణించిరి. అట్టి రోగులలో వెన్నెముక చిక్కబడగా, కాళ్ల ఎముకలు గుల్లబారి వంగిపోయెను. ఫిల్ముకు మరియొక పరిమితి కూడ కలదు: ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుచున్నను, ఆ నరముల స్థితి అందులో కనబడదు. తరువాత వచ్చిన ఎమ్.ఆర్.ఐ. దానిని చూపుచున్నది.

అయినను చిత్రము వ్యాధిని తెలుపునే గాని మాన్పదు. ఎముకగా మారిన స్నాయువు తిరిగి మెత్తబడదు. పైగా ఫిల్ములో స్పష్టమైన మార్పు కనబడునాటికి ఏండ్లు గడచిపోవును. అంతకు ముందే కనబడు గుర్తు ఒకటి కలదు. దానికి యంత్రము అక్కరలేదు. పలుదంతములు ఊడి వచ్చిన శాశ్వత దంతములపై సుద్దవంటి తెల్లని మచ్చలు, గోధుమరంగు చారలు ఒకే ఊరి పిల్లలలో పలువురికి కనిపించినచో, ముందుగా అనుమానింపవలసినది ఆ ఊరి నీటిని. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది.

తాత ముంజేతి ఎక్స్‌రే ఆయన నడుమును తిరిగి వంచజాలదు. కాని అదే బావి నీరు త్రాగుచున్న మనుమని ఎముకలను కాపాడుటకు అది సాక్ష్యము కాగలదు. ఆ సాక్ష్యమును విని నీరు మార్చుటయే అసలు చికిత్స.