బొటనవేలి విలువ ఎంత? – అంగవైకల్య క్లెయిముల చరిత్ర

ఏకలవ్యుడు గురుదక్షిణగా ఇచ్చింది ఒక్క బొటనవేలు మాత్రమే. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పట్టిక ప్రకారం ఆ నష్టం నూటికి 30 వంతులు. కాని ఆ వేలితోపాటు విలువిద్యలో అతని మునుపటి నేర్పు పోయింది. శరీరం పోగొట్టుకున్నది ఎంత, బ్రతుకుతెరువు పోగొట్టుకున్నది ఎంత అన్న ఈ తేడాపైనే అంగవైకల్య క్లెయిముల తగాదాలు చాలా వరకు నడిచాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో బీమా గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

1924 జూలై 1న అమలులోకి వచ్చిన ఆ చట్టం, పనిలో గాయపడిన కార్మికునికి యజమాని నుండి పరిహారం పొందే హక్కునిచ్చింది. అయితే గాయం కంటికి కనబడుతుంది, జబ్బు కనబడదు. కుప్పం పల్లెల నుండి కోలారు బంగారు గనులకు ఎందరో పనికి వెళ్లేవారు. 2001లో మూతబడిన ఆ గనుల రాతిధూళి వల్ల సిలికోసిస్ వచ్చేది. ఊపిరితిత్తులలో చేరిన ధూళిని రుజువు చేయడం తెగిన వేలిని చూపినంత సులభం కాదు. అలాగే మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానిటోరియంలో క్షయరోగులు నెలల తరబడి ఉండేవారు. ఆగిపోయిన జీతానికి వారి మామూలు జీవిత బీమా పాలసీ ఏమీ ఇచ్చేది కాదు.

1956లో 245 బీమా సంస్థలను కలిపి జీవిత బీమా సంస్థ ఏర్పడింది. ప్రమాద లాభం గల పాలసీలలో శాశ్వత అంగవైకల్యానికి నెలవారీ చెల్లింపు ఉండేది. కాని షరతు కఠినం. రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో, ఒక చేయీ ఒక కాలో పోవాలి. లేదా ఇక ఏ పనీ చేసి సంపాదించలేని స్థితి కావాలి.

1994లో పుంగనూరు లారీ డ్రైవరు ఒకరు ప్రమాదంలో ఒక కాలు మోకాలిపై వరకు పోగొట్టుకుని మా కార్యాలయానికి క్లెయిము పంపాడు. “మరేదైనా పని చేసుకోగలడు” అన్న కారణంతో తిరస్కరించారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. అతను కౌంటరు వద్దకు వచ్చి, “సార్, నాకు బండి తోలడం తప్ప ఏమొచ్చు?” అని అడిగాడు. నేను షరతు చదివి వినిపించాను. లారీ యజమాని మోటారు బీమాలోనే డ్రైవరు పరిహారానికి రక్షణ ఉంటుందనీ, లేబరు శాఖ కమిషనరు వద్ద రెండేళ్లలోగా దరఖాస్తు చేయాలనీ చెప్పలేదు. అది నా సీటు పని కాదనుకున్నాను. తిరిగి కనబడేటప్పటికి గడువు దాటిపోయింది. ఆ తప్పు ఈనాటికీ నన్ను వదలలేదు.

నిజానికి సుప్రీంకోర్టు 1975 డిసెంబరులోనే దారి చూపింది. ఒరిస్సాలో ఒక వడ్రంగికి ఎడమచేయి మోచేతిపైన తీసివేయవలసి వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక అది పూర్తి అశక్తతే అని కోర్టు తేల్చింది. 2010లో రాజ్‌కుమార్ కేసులో, డాక్టరు వ్రాసే శాతం వేరు, సంపాదనాశక్తి నష్టం వేరు అని మరింత వివరంగా చెప్పింది. చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, డ్రైవరుది నిలవదు. ఇవి పరిహార చట్టాల కింద వచ్చిన తీర్పులు. పాలసీ తగాదాలో పాలసీలోని మాటలే మొదటి కొలత అని మరువరాదు.

సామాన్యునికి తలుపులు తరువాత ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. 1986 వినియోగదారుల చట్టంతో జిల్లా ఫోరాలు, 1998 నిబంధనలతో బీమా అంబుడ్స్‌మన్ వచ్చాయి. అంబుడ్స్‌మన్‌కు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ముందు బీమా సంస్థకు వ్రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకున్నా, వచ్చినది తృప్తిగా లేకున్నా ఏడాదిలోగా హైదరాబాదు కార్యాలయానికి పంపవచ్చు. 2023లో పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు. అదే తగాదా ముందే ఫోరానికి వెళ్లి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ స్వీకరించరు. 2020లో అమలైన కొత్త వినియోగదారుల చట్టం వల్ల ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. గడువు రెండేళ్లు.

మన పిల్లలలో, మనవలలో డ్రైవర్లు, మెకానిక్కులు, ఫ్యాక్టరీ కార్మికులు ఉన్నారు. కనుక మిత్రులకు నా విన్నపం: డాక్టరు సర్టిఫికెట్టుతోపాటు వారు రోజూ చేసిన పని ఏమిటో, అందులో ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో వ్రాయించండి. జీతం రుజువులు, పోస్టు రసీదులు భద్రపరచండి. తిరస్కరణ ఉత్తరం అందిన తేదీని దానిమీదే వ్రాసుకోండి. అది చివరి మాట కాదు. నేను ఆనాడు కౌంటరు వద్ద చెప్పవలసిన మాట ఇదే.