అరుగు మీది పులి–మేక, మనవడి చేతిలో మారియో

ఈ వారం పోస్టు కాస్త పెద్దది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి. చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా మనవడు మొన్న పొద్దున "తాతా, నేను ప్లాట్‌ఫారం గేమ్ కడుతున్నా, చూస్తావా?" అన్నాడు. బతుకంతా రైల్వేలో గడిపిన వాళ్ళం. మాకు ప్లాట్‌ఫారం అంటే ఒకటో నంబరు, రెండో నంబరు, వాటి మధ్య ఓవర్‌బ్రిడ్జి, అంతే. వాడు పడీపడీ నవ్వి, చేతిలోని చిన్న తెర చూపించాడు. ఒక మీసాలాయన గట్టు మీంచి గట్టు మీదికి దూకుతున్నాడు. గుంతలో పడకూడదు, ఎదురొచ్చేవాటికి తగలకూడదు, చివరికి చేరాలి. ఆ గట్లకే ప్లాట్‌ఫారాలని పేరట.

ఆట పేరు సూపర్ మారియో మేకర్ 2. 2019లో వచ్చింది. అందులో ఆడడం సగమే. గట్లు, గుంతలు, శత్రువులను మనమే పేర్చి ఒక లెవెల్ కట్టి, ఎక్కడో ఉన్నవాళ్ళు ఆడేలా పైకి పంపడం మిగతా సగం. తను కట్టిన లెవెల్‌ను జపానులో ఎవరో ఆడారని తెలిసి మావాడు ఇల్లంతా గెంతాడు. వాళ్ళెవరో వీడికి తెలియదు, వీడెవడో వాళ్ళకు తెలియదు. అంత సంబరం ఎందుకా అని మేము కాస్త చదివాం, వాణ్ణి అడిగాం. తెలిసింది మీతో పంచుకుంటున్నాం.

ఆడేవాళ్ళ చేతికే కట్టే పని ఇవ్వడం కంప్యూటర్ ఆటల్లో ఈనాటి సంగతి కాదు. 1983లో అమెరికాలో లోడ్ రన్నర్ అనే ఆట వచ్చింది. అందులో 150 లెవెళ్ళు ఉండేవి. అవి చాలవన్నట్టు, సొంతంగా కట్టుకునే ఏర్పాటు కూడా ఉండేది. ఆడినవాళ్ళు కట్టి పంపినవాటితోనే మరుసటి ఏడు ఇంకో ఆట వచ్చింది. 2008లో లిటిల్‌బిగ్‌ప్లానెట్ వచ్చాక ఇంటర్నెట్ మీద ఒకరు కట్టింది ఇంకొకరు ఆడడం పెద్ద ఉత్సాహమైంది. 2015 సెప్టెంబరులో మొదటి మారియో మేకర్ వచ్చింది. మొదటి వారంలోనే పది లక్షలకు పైగా లెవెళ్ళు వచ్చాయి. 2016 మే నాటికి అవి డెబ్బై లక్షలు దాటాయి.

అందులో ఒక నియమం మాకు బాగా నచ్చింది. లెవెల్ కట్టినవాడు ముందు తానే దాన్ని గెలిచి చూపాలి. అప్పుడే అది నలుగురికీ వెళ్తుంది. రైల్వేలో కొత్త లైను వేస్తే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి సరే అన్నాకే ప్రయాణికుల బండి నడుస్తుంది కదా, అలాంటిదే ఇది. దాటరాని గుంత తవ్వి పక్కవాణ్ణి పొమ్మనకూడదు.

ఇదంతా వింటుంటే మాకు ఇది కొత్తగా అనిపించలేదు. మన చిన్నప్పుడు ఆటకు పటం ఎవరు అమ్మారు? బొగ్గుముక్కో సుద్దముక్కో దొరికితే నేల మీద మనమే గీసుకున్నాం. తొక్కుడుబిళ్ళకు గళ్ళు ఎన్ని, ఎక్కడ ఒంటికాలు, ఎక్కడ రెండు కాళ్ళు, అన్నీ గీసిన పిల్ల చెప్పిందే చట్టం. కష్టంగా గీస్తే "నువ్వు ముందు ఆడి చూపించు" అని నిలదీసేవాళ్ళం. ఆ కంపెనీ పెట్టిన నియమం మన వీధిలో ఎప్పుడో ఉంది.

మా చదువు తమిళంలో, ఇంట్లో మాట తెలుగులో, ఉద్యోగం ఈ కన్నడ దేశంలో. అందుకే ఈ ఆటలు మాకు మూడేసి పేర్లతో తెలుసు. తెలుగులో తొక్కుడుబిళ్ళ, కన్నడలో కుంటెబిల్లె, తమిళంలో పాండి. మన వామనగుంటలు ఇక్కడ అళగుళిమణె, అక్కడ పల్లాంగుళి. మన పులి–మేక అక్కడ ఆడు పులి ఆట్టం. పేర్లు మారినా గీతలు మారలేదు.

పులి–మేక సంగతి చిన్నవాళ్ళ కోసం చెబుతాం. త్రికోణం, దానికి అడ్డంగా గీతలు, మొత్తం 23 కూడళ్ళు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి అవతలి ఖాళీ కూడలికి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు. చూశారా, ఇక్కడ కూడా దూకడమే!

తుంగభద్ర దాటి హంపీకి వెళ్ళినవాళ్ళు ఈసారి గుడి గోపురంతో పాటు కిందికి కూడా చూడండి. మండపాల నేల మీద, బండల మీద ఇలాంటి ఆట గీతలు చెక్కి ఉంటాయి. యాత్రికులో, కావలివాళ్ళో, రాయి కొట్టేవాళ్ళో, ఎవరైనా కావచ్చు, కింద పేరు మాత్రం రాసుకోలేదు. మైసూరు రాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) సంగతి వేరు. ఆయనకు ఆటల పిచ్చి. కొత్త కొత్త పటాలు స్వయంగా తయారుచేశాడు. ఆయన రాజు కనుక పుస్తకాల్లోకి ఎక్కాడు. బండ మీద గీసిన మనిషి ఎక్కలేదు. గీత మాత్రం ఉంది.

రాయి విలువ మన జిల్లావాళ్ళకు ఒకరు చెప్పాలా? 1915లో మస్కి దగ్గర బండ మీది శాసనం దొరికాకే, దేవానాంప్రియుడని ఊరూరా రాయించుకున్న రాజు అశోకుడే అని గట్టిగా తేలింది. రెండు వేల ఏళ్ళకు పైగా ఆ పేరును కాపాడింది ఒక బండ.

ఇప్పుడు మనవడు చెప్పిన రెండో సగం వినండి. మొదటి మారియో మేకర్‌లో కొత్త లెవెళ్ళు పంపడం 2021 మార్చితో ఆపేశారు. 2024 ఏప్రిల్ 8న ఆన్‌లైన్ సేవే మూసేశారు. లిటిల్‌బిగ్‌ప్లానెట్ సర్వర్లు కూడా ఆ ఏడాదికల్లా మూతపడ్డాయి. మారియో మేకర్ మూసేలోపు, ఇంతవరకూ ఎవరూ గెలవని లెవెళ్ళన్నీ ఒక్కసారైనా గెలవాలని దేశదేశాల ఆటగాళ్ళు కొందరు జట్టు కట్టారు. జట్టు పేరు టీమ్ 0%. కట్టినవాడు ఎవరో తెలియదు, వాడికి చెప్పే దారీ లేదు. అయినా "నువ్వు కట్టింది ఎవరో ఒకరు దాటారు" అనిపించుకోవాలని రాత్రింబవళ్ళు కూర్చున్నారు.

చివరికి ఒక్కటి మిగిలింది, మహా కష్టమైనది. దాన్ని కట్టినతను ఆ మార్చిలో నిజం ఒప్పుకున్నాడు: తాను చేత్తో గెలవలేదు, యంత్రంతో నొక్కించి గెలిచినట్టు పంపాడు. అది లెక్కలోంచి పోయింది, జట్టు పని పూర్తయినట్టే. అయినా గడువుకు మూడు రోజుల ముందు, ఏప్రిల్ 5న, ఒక ఆటగాడు దాన్ని కూడా చేత్తోనే గెలిచి చూపాడు. ఈ మాట చెబుతూ మా మనవడి గొంతు వణికింది. "తాతా, నాది కూడా ఒకరోజు పోతుంది కదా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాణ్ణి వెంటబెట్టుకుని మన సంఘం మందిరానికి తీసుకొచ్చాం.

ముందు అరుగు మీద, మెట్లకు ఎడమవైపు మూడో షాబాదు బండ చూడండి. దాని మీద పులి–మేక గీసి ఉంది. ఉలి గీత అరిగి నునుపెక్కింది. ఎన్ని వేళ్ళు తగిలితే అంత అరుగుతుంది! మేము ఉద్యోగంలో చేరి ఈ ఊరు వచ్చిన కొత్తలో, ఆదివారం సాయంత్రాలు పెద్దవాళ్ళు అక్కడ చింతగింజలతో ఆడుతుంటే నిలబడి చూసేవాళ్ళం. అప్పటికే అది పాతది. మనవడికి అక్కడే ఆట నేర్పాం. మూడో ఆటకే మా పులులను కట్టేశాడు. లేచి బండను ఫోటో తీసుకుని, "ఇది ఎవరు కట్టారు తాతా?" అని అడిగాడు. గీశారు అనలేదు, కట్టారు అన్నాడు.

ఇక అసలు పని. వచ్చే నెల అరుగు బండలు తీసి టైల్స్ వేయాలని మనమందరం కలిసే తీర్మానించాం. మేము కూడా చెయ్యెత్తాం. అప్పుడు ఈ బండ మా ఆలోచనలోకే రాలేదు, ఆ తప్పు మాది కూడా. టైల్స్ వద్దనడం లేదు, వానాకాలం జారుడుకు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళం మేమే. ఆ ఒక్క బండను మాత్రం పగలకుండా తీయించి, లోపల వేపచెట్టు కింద నాలుగు ఇటుకల మీద పెట్టిద్దాం. కూలీ ఖర్చు మేము ఇస్తాం.

సర్వర్ మూసేది ఎక్కడో ఉన్న కంపెనీ, దాన్ని మనం ఆపలేం. మన అరుగు మీద గడ్డపార పడాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంది.

సరే అనేవాళ్ళు కింద రాయండి. మీ ఇంటి గడప దగ్గర, మీ ఊరి గుడి నేల మీద ఇలాంటి గీతలుంటే ఫోటో పెట్టండి. చింతగింజలు ఎవరింట్లో ఉన్నా ఈ ఆదివారం ఓ గుప్పెడు పట్టుకురండి. మనవడు ఇంకో పది రోజులుంటాడు. పులులు ఎవరు తీసుకుంటారో రండి, చూద్దాం.