నూజివీడు నుంచి దివిసీమకు: ఒడ్డున నిలబడి గాలం వేసేవారికి

సెలవులకు దీవి అనగానే మన ఆలోచన అండమాన్ మీదికో మాల్దీవుల మీదికో పోతుంది. నూజివీడు మామిడి తోటల నుంచి బస్సులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరుకునే దీవి ఒకటి మనకే ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ పాయలుగా చీలి, సముద్రంలో కలిసే లోపు మధ్యలో వదిలిన నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి అన్నీ ఆ నేల మీదివే. హనుమాన్ జంక్షన్, గుడివాడ, పామర్రు, చల్లపల్లి మీదుగా వెళ్తే హంసలదీవికి వంద కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం వద్దనుకుంటే మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్ ఉంది. నూజివీడు నుంచి బందరుకు సుమారు 80 కిలోమీటర్లు. పట్నం పేరు ఎలా వచ్చిందో తలా ఒక కథ చెబుతారు గానీ, ఉర్దూ తెలిసిన చెవికి మాత్రం ముందు వినిపించేది 'మచ్లీ'యే.

మనవాళ్ళకు చెరువులో గాలం వేయడం కొత్త కాదు. కర్ర, దారం, బెండు, వానపాము ఉంటే చాలు. ఆ అలవాటుతోనే సముద్రం దగ్గరికి వెళ్తే రెండు విధాలా దెబ్బ తింటాం. ఒకటి, చేప పడదు. రెండోది ప్రాణం మీదికి వచ్చే సంగతి. చెరువు నీళ్ళు పొద్దున ఎక్కడుంటే సాయంత్రం అక్కడే ఉంటాయి. సముద్రం అలా ఉండదు.

పోటు, పాటు

నీళ్ళు పైకి రావడం పోటు, వెనక్కి తీయడం పాటు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. ఇంట్లో గోడకు ఇస్లామీ కేలండర్ ఉంటే పని ఇంకా తేలిక: నెల మొదటి రెండు మూడు రోజులు, మళ్ళీ 14 నుంచి 17 దాకా నీళ్ళు బాగా ఎక్కి బాగా తీస్తాయి. 7, 8 తేదీలకు, 22 ప్రాంతానికి మెత్తగా ఉంటాయి.

ఒడ్డు నుంచి గాలం వేసేవారికి పోటు ఎక్కే చివరి రెండు గంటలు మంచివి. పాటుకు తేలిన బురదలోని పురుగులు, చిన్న రొయ్యల కోసం చేప ఆ నీటితోపాటే ఒడ్డుకు వస్తుంది. కానీ ప్రమాదం కూడా ఆ రెండు గంటల్లోనే ఉంది. పాటు వేళ బయటపడ్డ ఇసుక దిబ్బ మీదికి నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి గాలం వేస్తాం. మన చూపు సముద్రం వైపు. వీపు వెనక, దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లపు కాలువ ముందు నిండుతుంది. తిరిగి చూసేసరికి వచ్చిన దారి ఉండదు. అందుకే దిబ్బ మీదికి అసలు వెళ్ళకపోవడమే పద్ధతి. వెళ్ళక తప్పని పని ఒడ్డు గాలంలో ఏదీ లేదు.

హంసలదీవి సాగర సంగమం దగ్గర ఇంకో సంగతి. నది తోసుకొచ్చే నీరు, సముద్రం తోసుకొచ్చే నీరు కొట్టుకునే చోటు అది. పైకి నున్నగా కనిపించినా అడుగున లాగుతుంది, కాలి కింద ఇసుక జారుతుంది. అక్కడ చూడ్డానికి వెళ్ళండి, గాలానికి మాత్రం దూరంగా పాలకాయతిప్ప వైపు తీరానికి రండి. ఎక్కడైనా మోకాలు దాటి నీళ్ళలోకి దిగొద్దు. పొరపాటున లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదడం వల్ల అలసటే తప్ప లాభం లేదు. తీరం పొడవునా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్ళాలి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన పెద్దలు ఈ ఊళ్ళలో ఇంకా ఉన్నారు. నీటి గురించి వాళ్ళు వద్దంటే ఎందుకని అడక్కండి.

ఎప్పుడు వెళ్ళాలి

ఇక్కడే మామిడి కేలండర్‌కూ సముద్రం కేలండర్‌కూ పేచీ. బంగినపల్లి, రసాలు కోతకొచ్చే ఏప్రిల్ నుంచి జూన్ వరకు తోట వదిలి కదలలేం. కోతలు అయ్యాక ఊపిరి పీల్చుకునే సమయానికి నైరుతి రుతుపవనాలు వచ్చి అలలు లేస్తాయి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. నన్నడిగితే సంక్రాంతి సెలవుల నుంచి మార్చి దాకా సరైన వేళ: చెట్టు మీద పూత, పిందె, కింద కాస్త తీరిక, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. అయితే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెట్టేదీ ఆ నెలల్లోనే. చీకటి పడ్డాక బీచ్‌లో మంటలు, టార్చి లైట్లు వద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. అది మర పడవలకు, మోటారు పడవలకు. ఒడ్డున గాలం వేసేవారి కోసం పెట్టింది కాదు. అయినా ఆ రెండు నెలలు ఎవరైనా పడవలో తీసుకెళ్తానంటే ఎక్కొద్దు.

కృష్ణా అభయారణ్యం సంగతి వేరు. నది ముఖం దగ్గరి మడ అడవులు అందులోవే. అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. చేపల మీదే బతికే ఫిషింగ్ క్యాట్ అనే అడవి పిల్లి అక్కడుంది. సొసైటీలు కౌలుకు తీసుకున్న చెరువులు, కాలువల్లో కూడా అడగకుండా గాలం వేయొద్దు. మనకది సరదా, వాళ్ళకది కూడు. బీచ్ మీద అలివి వల లాగుతుంటే తాళ్ళ మధ్యకు పోకుండా పక్కకు జరగండి. వల ఒడ్డుకు చేరాక నాలుగు చేపలు వాళ్ళ దగ్గరే కొనుక్కోవచ్చు కూడా.

గాలం, ఎర, పడే చేపలు

మంగినపూడిలో ఇసుక కంటే నల్ల మట్టి ఎక్కువ, లోతు తక్కువ, నీళ్ళు మురికిగా ఉంటాయి. మెరిసే ప్లాస్టిక్ ఎరలు అక్కడ పెద్దగా పనిచేయవు, చేపకు అవి కనపడవు. వాసన వచ్చే ఎర కావాలి. ఆ పూట దొరికిన పచ్చి రొయ్య, చిన్న చేప ముక్క చాలు. వానపాము ఉప్పునీళ్ళలో త్వరగా చచ్చి తెల్లబడిపోతుంది. 0.40 మిల్లీమీటర్ల నైలాన్ దారం, 60 నుంచి 100 గ్రాముల సీసం గుండు, రీలున్న కర్ర ఉంటే సరిపోతుంది. నాగాయలంక ఘాట్ దగ్గర, పోటు నీరు ఎక్కే కాలువ గట్ల మీద అయితే చేతి దారంతోనే పని నడుస్తుంది. పిల్లలతో వెళ్ళేవారికి ఆ గట్లే నయం.

ఎక్కువగా పడేవి జెల్లలు, గొరకలు. అదృష్టం ఉంటే మాగ. అందరూ ఆశపడేది పండుగప్ప. ఆస్ట్రేలియాలో బారముండి అని గొప్పగా చెప్పుకునేది ఈ చేపనే. ఇది మగదిగా మొదలై, పెరిగి పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే చాలా పెద్ద పండుగప్పను చంపితే దాదాపుగా గుడ్ల తల్లిని చంపినట్టే. ఫొటో తీసుకుని వదిలేయగలిగితే మంచిది. రంపపు సొర, తాబేలు, సముద్రపు గుర్రం చిక్కితే వెంటనే వదలాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని ఉంచుకోవడం నేరం. తెగిన దారం ఇసుకలో వదిలితే తాబేళ్ళకు, పక్షులకు ఉరి అవుతుంది, చుట్టి జేబులో వేసుకోండి.

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముళ్ళుంటాయి, వాటిలో విషం ఉంది. చేత్తో పట్టుకోకుండా కటింగ్ ప్లయరుతో గాలం తీయాలి. టేకు చేప తోక ముల్లు ఇంకా బాధ పెడుతుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ చోటును అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి దిగుతుంది. చర్మం కాలేంత వేడి వద్దు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు. బంతిలా ఉబ్బే చేప పడితే వండొద్దు. దాని విషం ఉడికించినా పోదు, విరుగుడు మందూ లేదు.

పట్టిన చేపను ఎండలో బకెట్‌లో పెట్టి నూజివీడు దాకా తెస్తే పారేయాల్సిందే. థర్మోకోల్ పెట్టెలో చేప ఎంత బరువుంటే ఐసూ అంత వేసుకోండి. పేగులు అక్కడే తీసేయాలి. ఇంటికొచ్చాక చింతపండు సగం తగ్గించి పుల్లటి పచ్చి మామిడి ముక్కలు వేసి పులుసు పెట్టడం మన ఇళ్ళలో తెలిసినదే. జెల్ల పులుసుకు అది బాగా నప్పుతుంది.

నిజంగానే అండమాన్ వెళ్ళేవారికి రెండు మాటలు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు అక్కడ చాలామంది, భాష ఇబ్బంది ఉండదు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. వండూరు దగ్గరి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో చేపలు పట్టడం, పగడాలు ఏరడం నిషేధం. వాగు ముఖాల దగ్గర ఉప్పునీటి మొసళ్ళుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట గాలం వేయడం కాదు, నీటి అంచున నిలబడటం కూడా వద్దు.

బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకోండి. పోట్ల సమయాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఒంటరిగా వెళ్ళొద్దు. ఏ ఊరి తీరంలో ఉంటారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులకు 1093, మిగతా అన్నిటికీ 112.